మాజీ సైనికుల వైకల్య పింఛను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కుటుంబ పింఛను గురించి ఈ శీర్షికలో రాసిన తర్వాత, సర్వీసులో వచ్చిన జబ్బులకు, గాయాలకు ఇచ్చే వైకల్య పింఛను గురించి అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పేర్లూ ఊళ్ళూ తీసివేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను సైన్యంలో 24 ఏళ్ళు పనిచేసి 2016లో హవల్దారుగా రిటైరయ్యాను. చేరినప్పుడు ఏ జబ్బూ లేదు. సర్వీసు 19వ ఏట రక్తపోటు బయటపడింది. రిటైరయ్యేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు వారు వైకల్యం 30 శాతమనీ, అది జీవితాంతం ఉంటుందనీ రాశారు. అయితే జబ్బు పీస్ స్టేషన్‌లో, అంటే ఫీల్డ్ ప్రాంతం కాని మామూలు చోట, మొదలైంది కనుక దానికి సర్వీసుతో సంబంధం లేదన్నారు. 2017లో నా క్లెయిము తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. అప్పీలు ఉంటుందని తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు ఏమైనా చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. ఆలస్యం వల్ల మీరు నష్టపోయేది బకాయిల్లో కొంత భాగమే, హక్కు అలాగే ఉంటుంది.

వైకల్య పింఛనుకు రెండు షరతులున్నాయి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి; అది సర్వీసు వల్ల కలిగినదై ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరినదై ఉండాలి. మొదటి షరతు విషయంలో బోర్డే మీకు 30 శాతం రాసింది కాబట్టి అక్కడ పేచీ లేదు. రెండవ షరతులో ఉన్న ‘లేదా’ అన్న మాటను చాలామంది పట్టించుకోరు. జబ్బు సర్వీసు వల్లనే పుట్టిందని రుజువు చేయలేకపోయినా, అక్కడి పని పరిస్థితుల వల్ల అది పెరిగిందని తేలితే సరిపోతుంది. రెండూ కావని బోర్డు భావిస్తే కాగితాల మీద పొట్టిగా ‘నానా’ అని వేస్తారు. మీ కాగితం మీద పడిన ముద్ర అదే.

మీరు చేయవలసిన మొదటి పని వకీలును వెతకడం కాదు, ఆ మెడికల్ బోర్డు కాగితాల పూర్తి నకలు తెప్పించుకోవడం. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారంలో ప్రతి జబ్బుకూ ఒక వరుస ఉంటుంది. జబ్బు పేరు, అది సర్వీసు వల్ల కలిగిందా, కాకపోతే సర్వీసు వల్ల ముదిరిందా, అలా అనుకోవడానికి కారణాలు ఏమిటి అన్నవి అందులో నింపాలి. కేసు నిలిచేదీ కూలేదీ ఆ కారణాల గడిలోనే. సైనికుల సర్వీసు కాగితాలు ఉండే రికార్డు ఆఫీసులో పనిచేసిన కాలంలో నేను అలాంటి ఫారాలు ఎన్నో చూశాను. వేర్వేరు యూనిట్లకు చెందిన ఇద్దరు మనుషులు, ఒకరిది మధుమేహం, ఇంకొకరిది రక్తపోటు. అయినా కారణాల గడిలో ఒకటే వాక్యం, అందులో ఒకటే అక్షరదోషం. ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది, సర్వీసు ఒత్తిడితో సంబంధం లేదు’ అని రాసి ఊరుకుంటే అది తీర్పే తప్ప కారణం కాదు.

ఈ తేడాకు చట్టంలో బలమైన ఆధారముంది. 2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, 1982 నాటి అర్హతా నియమాలను ఆధారం చేసుకుని కొన్ని సంగతులు స్పష్టం చేసింది. చేరేటప్పుడు జరిపిన వైద్య పరీక్షలో ఏ లోపమూ నమోదు కాకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనే భావించాలి. ఆ తర్వాత అతని ఆరోగ్యం దెబ్బతిని సర్వీసు నుంచి పంపివేస్తే అది సర్వీసు వల్లనే జరిగిందని అనుకోవాలి. కాదని చూపవలసిన భారం ప్రభుత్వానిదే కానీ సైనికుడిది కాదు. ఆ జబ్బును చేరేటప్పటి పరీక్షలో కనిపెట్టడం సాధ్యం కాలేదని వైద్యులు అంటే ఎందుకు సాధ్యం కాలేదో కూడా రాయాలి. గడువు పూర్తయి రిటైరైన వారికి కూడా ట్రిబ్యునళ్ళు ఈ సూత్రాన్ని వర్తింపజేస్తూ వచ్చాయి.

పీస్ స్టేషన్ వాదనకు వేరే సమాధానం ఉంది. సాయుధ దళాల వైద్య సేవల నిబంధనలు, 1983లోని 423వ పేరా చదవండి. వైకల్యానికి కారణం ఫీల్డ్ ప్రాంతంలో ఏర్పడిందా, మామూలు పీస్ పరిస్థితుల్లో ఏర్పడిందా అన్నది ముఖ్యం కాదని అందులో ఉంది. సర్వీసు పరిస్థితులకూ వైకల్యానికీ కార్యకారణ సంబంధం మాత్రం కనబడాలని ఆ వెంటనే అంటుంది. కాబట్టి ఆ పేరాను చూపి ఊరుకోకండి. మీ 19 ఏళ్ళ పోస్టింగుల పట్టిక జతచేయండి. ఎక్కడెక్కడ, ఎన్నేళ్ళు, ఏ పని, కుటుంబానికి ఎంతకాలం దూరంగా ఉన్నారో తేదీలతో ఒక పేజీలో రాయండి. రక్తపోటు ఒక ఉదయం పుట్టే జబ్బు కాదు. దాన్ని కనిపెట్టిన చోటు ఒకటి, అది పెరిగిన చోటు ఇంకొకటి కావచ్చు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. వైకల్య పింఛనులో సర్వీసు భాగం, వైకల్య భాగం అని రెండుంటాయి. నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం చివరి జీతంలో 30 శాతం. వైకల్యం తగ్గే కొద్దీ అది కూడా తగ్గుతుంది. లెక్కకు తీసుకునే చివరి జీతం 40,000 రూపాయలనుకుంటే నూరు శాతానికి 12,000, మీ 30 శాతానికి 3,600 అవుతుంది. అయితే 2001 జనవరి 31 నాటి ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం 50 కన్నా తక్కువ ఉన్న శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన ఉన్నదాన్ని 100గా తీసుకోవాలి. దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. మొదట దీన్ని మధ్యలో బోర్డు ఔట్ అయిన వారికే, అంటే వైకల్యం వల్ల గడువుకు ముందే సైన్యం పంపివేసిన వారికే ఇచ్చారు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గడువు పూర్తయి రిటైరైన వారికీ ఇది దక్కుతోంది. అప్పుడు మీ లెక్క నెలకు 6,000 అవుతుంది, కరువు భృతి దాని మీద అదనం. మీ మామూలు సర్వీసు పింఛనుకు దీనితో సంబంధం లేదు, అది ఎప్పటిలాగే వస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. పింఛను ప్రతి నెలా రావలసినది కనుక, రాని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతూనే ఉన్నట్టు లెక్క. 2008లో తర్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెబుతూ, ఆలస్యంగా వచ్చిన వారికి బకాయిలను మాత్రం కేసు వేయడానికి ముందరి మూడేళ్ళకే పరిమితం చేసింది. మీకు మొత్తం బకాయి ఇక దొరకదు. ఈ ఉత్తరం అచ్చయ్యేవరకు ఎదురుచూసిన నెల కూడా అందులోంచి పోయిందనే అనుకోండి.

దారి ఇది. బోర్డు కాగితాలు ఇవ్వమని మీ రికార్డు ఆఫీసుకు రాయండి. పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అవి చేతికి రాగానే మొదటి అప్పీలు వేయండి. తిరస్కార ఉత్తరం అందిన ఆరు నెలల్లోపు వేయవలసినది కాబట్టి, ఆలస్యానికి కారణం ఒక పేరాలో నిజాయితీగా రాయండి. అక్కడ కాదంటే రెండవ అప్పీలు కమిటీ ఉంది. అదీ కాదంటే, లేక ఆరు నెలలైనా జవాబు రాకపోతే, సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007లోని 14వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వారికి చెన్నై ప్రాంతీయ బెంచి వర్తిస్తుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి 20వ ఏట సైన్యంలో చేరాడు. ఎత్తైన కొండల్లో ఏడాదిన్నర పోస్టింగు చేశాక ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయాడు. మానసిక వ్యాధి అని 2021లో బోర్డు ఔట్ చేశారు. అప్పటికి నాలుగేళ్ళ సర్వీసు. అది స్వభావసిద్ధంగా వచ్చిన జబ్బని రాసి పింఛను ఇవ్వలేదు. మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి కేసు పై హవల్దారుగారి కేసు కన్నా ఒక విధంగా బలమైనది, ఇంకో విధంగా కష్టమైనది. మీకు రెండూ చెప్పడం న్యాయం.

బలం ఎక్కడంటే, మీ అబ్బాయి తనంతట తాను రాలేదు, సైన్యమే పంపివేసింది. 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్యం కారణంగా ఒక సైనికుణ్ణి పంపివేశారంటే ఆ వైకల్యం 20 శాతం పైనే ఉందని భావించక తప్పదని చెప్పింది. చేరేటప్పుడు ఏ లోపమూ రాయలేదన్న సూత్రమూ మీకు అక్కరకు వస్తుంది. వైకల్య పింఛను మంజూరైతే దానిలోని సర్వీసు భాగానికి ఇన్నేళ్ళు పనిచేసి ఉండాలన్న నియమం లేదు, కనుక నాలుగేళ్ళే అయినా రెండు భాగాలూ వస్తాయి.

కష్టం ఎక్కడంటే, మానసిక వ్యాధుల్లో కోర్టులు మెడికల్ బోర్డు అభిప్రాయానికి పెద్దపీట వేసిన సందర్భాలున్నాయి. 2009 నాటి దామోదరన్ కేసులో స్కిజోఫ్రీనియా విషయంలో సుప్రీంకోర్టు బోర్డు మాటనే నిలబెట్టింది. కాబట్టి ‘అంతకు ముందు బాగానే ఉన్నాడు’ అన్న ఒక్క మాట మీద ఆధారపడకూడదు.

మానసిక రోగి విషయంలో కమాండింగ్ అధికారి నింపవలసిన ఒక నివేదిక ఉంది. దాన్ని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అంటారు. కుర్రవాడు పనిలో ఎలా ఉండేవాడు, తోటివారితో ఎలా మెలిగేవాడు, ప్రవర్తన ఎప్పటి నుంచి మారింది అన్న సంగతులు అందులో ఉంటాయి. చేరిన మొదటి రెండేళ్ళూ చక్కగా పనిచేశాడనీ, కొండల్లోకి వెళ్ళాక మార్పు వచ్చిందనీ ఆ అధికారే రాసి ఉంటే, ‘స్వభావసిద్ధం’ అన్న మాటకు యూనిట్ కాగితమే ఎదురు సాక్ష్యం. దానితోపాటు ఆసుపత్రిలో మనోవైద్యుడు రాసిన కేసు సారాంశం తెప్పించండి. అందులో కుటుంబ చరిత్ర అన్న భాగాన్ని జాగ్రత్తగా చూడండి. ఆసుపత్రిలో వైద్యుడు అడిగినప్పుడు, ‘మా మేనమామ కాస్త తిక్క మనిషి’ అని ఎవరో మాటవరసకు అన్నది అక్కడ వంశపారంపర్య వ్యాధిగా కూర్చుని ఉండవచ్చు. ఉంటే అది నిజం కాదని చూపడానికి ఆధారాలు కావాలి. ఆ ఏడాదిన్నరలో సెలవు ఎప్పుడు దొరికింది, ఇంటికి ఏమని ఉత్తరాలు రాశాడు, ఫోనులో మాట ఎప్పుడు తగ్గింది అన్నవి మీకు గుర్తున్నంత వరకు తేదీలతో రాసిపెట్టండి. ఒక తల్లి జ్ఞాపకాన్ని కోర్టు సాక్ష్యంగా ఎంతవరకు తీసుకుంటుందో అన్న సందేహం అక్కరలేదు. అది ఆసుపత్రి కాగితాల్లోని తేదీలతో సరిపోలితే దానికి విలువ ఉంటుంది.

సర్వీసుతో సంబంధం లేదన్న అభిప్రాయమే చివరకు నిలిచినా ఇంకొక తలుపు ఉంది. పదేళ్ళ లోపు సర్వీసుతో బోర్డు ఔట్ అయిన వారికి మునుపు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ తప్ప పింఛను ఉండేది కాదు. 2020 జూలైలో రక్షణ శాఖ దీన్ని మార్చి, 2019 జనవరి 4న గానీ ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవారికి ఇన్‌వాలిడ్ పింఛను ఇవ్వడానికి ఒప్పుకుంది. బయట కూడా ఏ ఉద్యోగమూ చేయలేని శాశ్వత స్థితి ఉండాలన్నది అందులోని షరతు. మీ అబ్బాయి 2021లో వచ్చాడు కాబట్టి తేదీ అడ్డం కాదు. అతను సంతకాలు చేసే స్థితిలో లేకపోతే అతని సంరక్షకురాలిగా మీకు చట్టబద్ధమైన గుర్తింపు అవసరమవుతుంది. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి ఆ పని ముందుగా మొదలుపెట్టండి.

ప్రశ్న: సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మోటారు సైకిలు ప్రమాదంలో కాలు విరిగింది. సెలవు కూడా డ్యూటీ కిందే లెక్క అంటారు కదా, వైకల్య పింఛను వస్తుందా?

జవాబు: సెలవును డ్యూటీగా లెక్కించేది సర్వీసు, జీతభత్యాల విషయంలో. గాయానికీ సైనిక సర్వీసుకూ సంబంధం వేరుగా చూపాలి. 2011లో జుఝార్ సింగ్ కేసులో వార్షిక సెలవులో ఉండగా స్కూటరు ప్రమాదం జరిగిన సైనికుడికి సుప్రీంకోర్టు వైకల్య పింఛను నిరాకరించింది. మీరు యూనిట్ నుంచి ఇంటికి వస్తూనో, తిరిగి వెళ్తూనో దారిలో గాయపడి ఉంటే సంగతి వేరు. ఆ ప్రయాణానికి సంబంధించిన టికెట్టు, సెలవు పత్రం, ఐఏఎఫ్‌వై-2006 అనే గాయం నివేదిక జాగ్రత్త చేసుకోండి. సొంత పని మీద తిరుగుతుండగా జరిగిన ప్రమాదమైతే మీకు ఆశ కల్పించడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: నేను 2024లో రిటైరయ్యాను. నాకు ‘వైకల్య భాగం’ కాదు, ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అన్నారు. ముందటి ఏడాది రిటైరైన మా తోటివాడికి మాత్రం పాత పద్ధతిలోనే ఇస్తున్నారు. ఇది అన్యాయం కాదా?

జవాబు: అన్యాయమో కాదో అన్నది మీరూ నేనూ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. నియమం మాత్రం ఇది. 2023 సెప్టెంబరు 21న కొత్త అర్హతా నియమాలు వచ్చాయి. వాటితోపాటు బోర్డు వైద్యులు అనుసరించవలసిన మార్గదర్శినిని కూడా తిరగరాశారు. వైకల్యం ఉన్నా గడువు పూర్తయ్యే వరకు పనిచేసి రిటైరైన వారికి ఇచ్చే మొత్తానికి అప్పటి నుంచి పేరు మార్చారు. ఆ తేదీకి ముందు రిటైరైన వారికి పాత నియమాలే వర్తిస్తాయని ప్రభుత్వమే చెప్పింది కనుక మీ మిత్రుడికి వచ్చేదానిలో పొరపాటు లేదు.

పేరు కన్నా మీరు చూడవలసింది శాతం. జబ్బుల వారీగా వైకల్యాన్ని కొలిచే పద్ధతి మారింది కాబట్టి, పాత తీర్పుల నకళ్ళు తెచ్చి అలాగే జతచేస్తే పని జరగదు. ఆ తీర్పుల్లో ఎక్కువ భాగం 1982 లేదా 2008 నాటి నియమాల మీద నడిచినవి. మీ బోర్డు ఏ నియమాన్ని ఉదహరించిందో చూసి, దానికే జవాబు రాయండి. కారణం రాయకుండా అభిప్రాయం మాత్రమే రాసి ఉంటే ఆ అభ్యంతరం కొత్త నియమాల కిందా లేవనెత్తవచ్చు. పీస్ స్టేషన్‌లో మొదలైందన్న ఒక్క కారణంతో మధుమేహం వంటి జబ్బులకు పింఛను నిరాకరించడం సరికాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అన్నది. అయితే అది పాత నియమాల కింద రిటైరైన వారి కేసు అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: వచ్చే బకాయిలో నాలుగోవంతు ఇస్తే మొత్తం పని తానే చేసిపెడతానని ఒకాయన అంటున్నాడు. పింఛను వెబ్‌సైటు స్పర్శ్‌లో నా పాస్‌వర్డు కూడా అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

జవాబు: పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకండి. రికార్డు ఆఫీసుకు రాయడానికీ, అప్పీలు వేయడానికీ దళారి అవసరం లేదు. ట్రిబ్యునల్‌కు వెళ్ళే దశలో వకీలు కావాలి. ఆ ఫీజు ముందుగా కాగితం మీద మాట్లాడుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టిలరీలో గన్నర్‌గా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులోనే చెవులు మందగించాయి గానీ ఎప్పుడూ రిపోర్టు చేయలేదు. డిశ్చార్జి సమయంలో షేప్-1 అనే రాశారు. ఇప్పుడు ఆయనకు 78 ఏళ్ళు, రెండు చెవులూ వినబడవు. ఫిరంగుల వల్లే అని అందరికీ తెలుసు. పింఛనుకు అడగవచ్చా?

జవాబు: ఫిరంగి పక్కన ఏళ్ళ తరబడి నిలబడినవాడి చెవులు ఏమవుతాయో మీరు ఏ వైద్యుడికీ చెప్పనక్కరలేదు. చిక్కు అంతా ఆ షేప్-1 దగ్గర ఉంది. షేప్ (SHAPE) అన్న ఇంగ్లీషు మాటలో రెండవ అక్షరం హెచ్ (H) వినికిడికి సంబంధించినది. డిశ్చార్జి నాడు చెవులతో సహా అన్నీ సవ్యంగా ఉన్నాయని సంతకంతో సహా రాసిన కాగితం అది. ఇంటికి త్వరగా వెళ్ళాలన్న తొందరలో, చెవి గురించి చెబితే ఇంకో నెల ఆసుపత్రిలో ఉంచుతారన్న భయంతో, ‘అన్నీ బాగున్నాయి’ అని చెప్పి వచ్చిన జవాన్లు ఆ తరంలో లెక్కలేనంతమంది.

సర్వీసులో మొదలైన మార్పు డిశ్చార్జి తర్వాత జబ్బుగా బయటపడితే దాన్ని కూడా గుర్తించే వెసులుబాటు నియమాల్లో ఉంది. కానీ అది రిటైరైన తర్వాత కొన్నేళ్ళ గడువులోపల బయటపడి ఉండాలి. ఆ జబ్బు సర్వీసు పరిస్థితుల వల్లనే లోలోపల మొదలైందని వైద్యపరంగా చూపాలి. 78వ ఏట తీసిన వినికిడి పరీక్షలో వయసు వల్ల పోయినదెంతో, ఫిరంగి వల్ల పోయినదెంతో విడదీయడం వైద్యుడికి కష్టం. కాబట్టి మీరు వెతకవలసినది ఇవాళ్టి రిపోర్టు కాదు, పాత రిపోర్టు. రిటైరైన మొదటి కొన్నేళ్ళలో ఎక్కడైనా చెవి పరీక్ష చేయించారా? రెండవ ఉద్యోగంలో చేరేటప్పుడు వైద్య పరీక్ష జరిగిందా? వాచ్‌మన్‌గానో బ్యాంకు గార్డుగానో చేరి ఉంటే ఆ కాగితం ఎక్కడో ఉండవచ్చు. వినికిడి యంత్రం కొన్న పాత రసీదు దొరికినా పనికొస్తుంది.

సర్వీసు కాలపు కాగితాలకు ఆర్టిలరీ రికార్డు ఆఫీసుకు రాయండి. పింఛను తీసుకుంటున్నవారి కాగితాలను ఎక్కువ కాలం ఉంచుతారు. పింఛను లేకుండా వచ్చినవారివి 25 ఏళ్ళ తర్వాత తీసివేస్తారు. మీ నాన్నగారికి సర్వీసు పింఛను వస్తోంది కనుక దొరికే అవకాశం ఎక్కువ. యూనిట్ ఆసుపత్రిలో చెవినొప్పికి చుక్కల మందు ఇచ్చిన ఒక్క నమోదు కనిపించినా సరే, దానితో మొదలుపెట్టి తిరిగి మెడికల్ బోర్డు జరపమని అడగవచ్చు. ఏదీ దొరకకపోతే ఆయనకు ఉన్న ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద వినికిడి యంత్రం తీసుకోవడం ఈ వయసులో పింఛను కేసు కన్నా ముందు చేయవలసిన పని.